నాలుగోసారి నన్ను అడగాలి

ఆ రోజు పదిన్నరకి ఆఫీసు ఫోను మోగినప్పుడు నేను దాని పక్కనే కూర్చుని ఉన్నాను. ఎత్తలేదు.

ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే నా డైరీలో ఇది లేదు. ఆ తేదీ కింద "ముసురు. రేపల్లె అవతలికి వెళ్ళాను. చెరువు పోయింది" అని మాత్రమే ఉంది. రోజుకి రెండు పేజీలు రాసే అలవాటు నాది. కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి, రైల్లో ఎదురు సీటు ఆవిడ చెవి దుద్దులు, చదువుతున్న నవల ఎక్కడ ఆపానో, అన్నీ రాస్తాను. ఆ రోజుకి మాత్రం ఒక్క లైను.

మా ఆఫీసు తెనాలిలో ఒక మందుల షాపు పైన రెండు గదులు. ముందు గది సార్‌ది, వెనక గది నాది. మేమిద్దరమే. సార్ ఒకప్పుడు బాపట్లలో నాకు పాఠాలు చెప్పిన మనిషి. తర్వాత పాఠాలు మానేసి రొయ్యల చెరువులకి కంట్రోల్ పెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టారు. క్లాసులో నోరు విప్పని పిల్లని గుర్తుపెట్టుకుని, పిలిచి మరీ పనిచ్చారు. "నువ్వు మాట్లాడక్కర్లేదమ్మా, కోడ్ రాస్తే చాలు" అన్నారు. ఆ మాటకి నేనెంత సంతోషపడ్డానో ఆయనకి తెలియదు. రోజూ పొద్దున రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగుతాను, సాయంత్రం అదే దారిలో వెనక్కి. రైల్లో చదువుకునే నవలలు ఆఫీసులో సొరుగు అడుగున, వైరు చుట్టల కింద ఉంటాయి. సార్ చూసినా ఏమీ అనరు. అయినా దాస్తాను.

పెట్టె సంగతి చెప్పాలి. రొయ్యల చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గకుండా ఏరియేటర్లు తిరుగుతుంటాయి. మోటారుకి బిగించిన తెడ్ల చక్రాలవి, నీళ్ళని తెల్లగా చిమ్ముతాయి. మా పెట్టె ఆక్సిజన్ ఎంతుందో కొలిచి, ఎన్ని ఏరియేటర్లు వేయాలో, ఎప్పుడు ఆపాలో తనే చూసుకుంటుంది. లోపల అరచేతి వెడల్పు బోర్డు, అందులో ఒక చిన్న కంప్యూటరు. కరెంటు రాగానే ఆ బోర్డులో మొదట కళ్ళు తెరిచేది బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రాము. అది కెర్నెల్ అనే పెద్ద ప్రోగ్రామును లేపి తను తప్పుకుంటుంది. ఆ తర్వాత పెత్తనమంతా కెర్నెల్‌దే.

ఏరియేటర్లు ఎప్పుడు తిరగాలన్న నియమాలు మొదట్లో కెర్నెల్ లోపలే, గట్టిపడిన సిమెంటులాగా ఉండేవి. పైన మామూలు ప్రోగ్రాములా పెడితే ఎప్పుడు చచ్చిపోతుందోనని సార్‌కి అపనమ్మకం. కానీ రైతులు ఒక్కలాగా ఉండరు కదా. మేత వేసే గంట రెండు చక్రాలు ఆపాలంటారు ఒకరు. నా చెరువు లోతు, నాకు నాలుగూ తిరగాల్సిందే అంటారు ఇంకొకరు. ఒక్క అంకె మార్చాలన్నా సార్ కెర్నెల్ మొత్తం మళ్ళీ తయారుచేసుకుని చెరువుకి పోవాలి. తిరిగి తిరిగి ఆయన నడుము పడిపోయింది.

బాపట్లలో చివరి సంవత్సరం ప్రాజెక్టుకి నేను చేసిన పని అక్కడ పనికొచ్చింది. లువా అనే చిన్న స్క్రిప్టు భాష ఉంది, దాన్ని చదివి అమలుచేసే ముక్కని తీసుకెళ్ళి కెర్నెల్‌లో పొదిగాను. ఇంక నియమాలు నాలుగు లైన్ల మామూలు రాత. ఆ రాత మారిస్తే చాలు, కెర్నెల్ జోలికి పోనక్కర్లేదు. ఆదేశాలకి పేర్లు నేనే పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: వెయ్యి, ఆపు, చూడు. కెర్నెల్ లోపల దశాంశాలు వాడకూడదు కాబట్టి ఆక్సిజన్ నాలుగున్నరుంటే నలభై ఐదని రాయాల్సొచ్చింది. పెట్టె మీద కూడా అలాగే కనపడేది. కొన్నాళ్ళకి మా రైతులు ఫోన్లో "ఇవాళ నలభై ఎనిమిదుందండి, బాగానే ఉంది" అని చెప్పుకోవడం మొదలుపెట్టారు. నా చేతి రాత వాళ్ళ నోట్లో తిరుగుతోందని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

కెర్నెల్‌లో స్క్రిప్టు పెట్టడం ప్రమాదమని నాకు తెలుసు. పైన రాసిన ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే పడిపోతుంది, కెర్నెల్‌లో తప్పు చేస్తే పెట్టె మొత్తం కొయ్యబారిపోతుంది. అందుకని అక్కడ వెయ్యి జాగ్రత్తలు తీసుకున్నాను. స్క్రిప్టు ఇన్ని అడుగులు మించితే ఆపెయ్, ఇంత జాగా మించితే ఆపెయ్. నెలల తరబడి నోటు పుస్తకంలో పెన్సిలుతో రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకుని, అప్పుడు టైపు చేశాను. ఆ ఉత్సాహంలోనే బూట్‌లోడర్‌లో కూడా ఒక చిన్న స్క్రిప్టు పెట్టాను. దాన్ని మాత్రం ఒక్క మధ్యాహ్నంలో రాసేశాను.

అది చేసేది ఇంతే. పెట్టె లేచిన ప్రతిసారీ ఒకటి లెక్క కడుతుంది. కెర్నెల్ ఒక నిమిషం పాటు సవ్యంగా నడిస్తే ఆ లెక్క సున్నా అవుతుంది. నిమిషం నిండకుండా వరసగా మూడుసార్లు పడిపోయిందంటే కెర్నెల్‌లో ఏదో పెద్ద తప్పుందని అర్థం. అప్పుడు నాలుగోసారి లేపకుండా ఆగి, లాప్‌టాపు కేబులుకి అవతల ఎవరున్నారో వాళ్ళని అడుగుతుంది. నేను చదివిన ప్రతిచోటా మూడనే ఉంది, నేనూ మూడనే రాశాను. అవతల ఉండేది ఎప్పుడూ నేనే, నా బల్ల దగ్గరే. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: "మూడుసార్లు పడితే నాలుగోసారి నన్ను అడగాలి. బాగుంది." పక్కన చిన్న పువ్వు బొమ్మ కూడా వేశాను.

పెట్టెకి బయట ఒక చేతి స్విచ్చు ఉంది, పెట్టె మొరాయిస్తే మనిషే ఏరియేటర్లు వేసుకోవడానికి. "దీన్ని నేరుగా వైరుతో కలిపేద్దామా అమ్మాయ్?" అని సార్ అడిగారు. "అది కూడా స్క్రిప్టే చదువుతుంది సార్, వైరు ఎందుకు?" అన్నాను. ఆయన మాటకి ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి. సార్ నవ్వి, "అయితే సరే" అన్నారు. ఇంటికెళ్ళేదాకా ఆ సంతోషం పోలేదు.

ఆ పెట్టె ఐదు చెరువులకి పెట్టాం. అందులో ఒకటి రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, భార్యాభర్తలు ఇద్దరే చూసుకునే చెరువు. ఆయన్ని బాబాయ్ గారంటాను, ఆవిడని పిన్నిగారంటాను. మా చుట్టాలేం కాదు. అంతకుముందు రెండు పంటలూ వాళ్ళకి తెగుళ్ళతో పోయాయి. పెట్టె బిగించిన రోజు పిన్నిగారు గ్లాసులో మజ్జిగ ఇస్తూ, "ఈసారి కూడా పోయిందంటే చెరువు వదిలేసి ఇంకొకళ్ళ గట్టు మీద కాపలా ఉండటమేనమ్మా" అంది, మామూలుగా, వర్షం గురించి చెప్పినట్టు. ఈసారి రొయ్య బాగా పెరిగింది. ఇంకో వారంలో పట్టుబడి, వలలేసి మొత్తం పట్టి అమ్మేద్దామనుకున్నారు.

ఆ రోజు ముసురు. ఆకాశం మూసుకుపోయి గాలి కూడా లేదు. అలాంటి రోజు పగలే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. సార్ పొద్దున్నే బాపట్లలో ఏదో మీటింగుకి వెళ్ళారు. ఆఫీసు ఫోను ఆయన బల్ల మీదుంది, నేనక్కడ కూర్చుని ఆయన కాగితాలు సర్దుతున్నాను. పదిన్నరకి ఫోను మోగింది. తెర మీద బాబాయ్ గారి పేరుంది. సార్‌కి చేస్తారులే అనుకున్నాను. మళ్ళీ మోగింది. ఫోనెత్తగానే మొదటి మాట ఏమనాలో నాకెప్పుడూ తోచదు. నమస్కారమండి అనాలా, సార్ లేరండి అనాలా, ఎవరండి అనాలా. అది ఆలోచిస్తుండగానే మోగడం ఆగిపోతుంది. ఆగిపోతే హాయిగా ఉంటుంది. మొత్తం నాలుగుసార్లు మోగింది. నాలుగుసార్లూ హాయిగా అనిపించింది.

పదకొండు దాటాక ఆయన గొంతుతో ఒక మెసేజి వచ్చింది. అది విన్నాను, ఎందుకంటే దానికి జవాబు చెప్పక్కర్లేదు.

"అమ్మాయ్, సార్ ఫోను ఎత్తట్లేదు. నువ్వున్నావు కదా అక్కడ. కరెంటు పోయొచ్చింది. పెట్టె వెంటనే లేవలేదని మెయిన్ మూడుసార్లు ఆపి వేశాను. ఇప్పుడు అసలు ఉలుకూ పలుకూ లేదు. చేతి స్విచ్చు కూడా పనిచెయ్యట్లేదు. రొయ్యలు గట్టుకొస్తన్నాయమ్మా. ఒక్కసారి ఫోనెత్తమ్మా."

రొయ్యలు గట్టుకి రావడమంటే ఏంటో మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఊపిరాడక వస్తాయి.

మూడుసార్లు. మా నాన్న ఇంట్లో నీళ్ళ మోటారు తిరక్కపోతే మూడుసార్లు ఆపి వేస్తాడు. మా వీధిలో అందరూ అంతే. కరెంటు వచ్చి, పోయి, వచ్చి నిలబడే ఊళ్ళు మావి, ఆ మూడు మా చేతుల్లో ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. పెట్టె లేవడానికి అర నిమిషం పడుతుంది, పాత స్టార్టరు నొక్కగానే తిరిగేది. తిరగలేదని ఆయన ఆపి వేశాడు, మళ్ళీ ఆపి వేశాడు, మళ్ళీ. నిమిషం నిండకుండా ఆపిన ప్రతిసారీ నా స్క్రిప్టుకి అది కెర్నెల్ పడిపోయినట్టే లెక్క. ఏ పుస్తకంలోనో చూసి మూడని రాశాను, మా ఇంట్లో చూసింది గుర్తు రాలేదు.

తిరిగి ఫోను చేశాను. అక్కడ వాన చప్పుడు.

"ఎవరూ? గట్టిగా మాట్లాడండి!"

"నేనండి... ఆఫీసు నుంచి..."

"అమ్మాయ్! వచ్చావా తల్లీ లైనులోకి! ఏం చెయ్యమంటావు చెప్పు. ఎలక్ట్రీషియన్ స్తంభమెక్కి ఉన్నాడంట, రాడంట. మూత విప్పి తీగలు నేరుగా కలిపేయనా? లోపల లావు తీగలు కనపడతన్నాయి."

అవి కలిపితే ఏరియేటర్లు తిరుగుతాయి. కానీ మూడు ఫేజుల కరెంటు, తడి చేతులు, తడి నేల, వానలో నిలబడ్డ మనిషి. ఏ తీగ ఏదో ఫోన్లో చెప్పగలిగేంత గొంతు నాకు లేదు. తప్పు చెబితే మనిషే పోతాడు.

"వద్దండి బాబాయ్ గారూ. ముట్టుకోకండి. మెయిన్ ఆపేసి ఉంచండి. నేనొస్తున్నాను."

"నువ్వొచ్చేసరికి ఏముంటాయమ్మా ఇక్కడ?"

"సరే, ముట్టుకోనులే. రా తొందరగా" అని ఆయనే పెట్టేశాడు. నా మాట విన్నాడు. ఒక్క మాట చెబితే ఐదు నిమిషాల్లో అయ్యే పనా అది, లేక ఒక శవాన్ని తప్పించానా? ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

లాప్‌టాపు, కేబులు సంచిలో పడేసుకుని స్టేషనుకి పరిగెత్తాను. రైలు వెళ్ళిపోయింది. బస్టాండుకి వచ్చి రేపల్లె బస్సెక్కాను. బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. ఒకచోట ఎవరో ఆవిడ కూరగాయల గంప ఎక్కించడానికి డ్రైవరు కిందకి దిగి సాయం చేశాడు. కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతుంటే, అవతల కాలవ, వరి చేలు మసగ్గా పోతుంటే, పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. "కొంచెం తొందరగా పోనివ్వండి" అని డ్రైవరుతో అనాలనుకున్నాను. మనసులో ఆ వాక్యాన్ని చాలాసార్లు సర్దుకున్నాను. అనలేదు. సార్‌కి ఫోను కలవలేదు, మెసేజి పెట్టాను. దేవుణ్ణి అడుగుదామంటే, ఏమని అడగాలి? నేను రాసిన లైనుని ఆయన మార్చలేడు కదా.

రేపల్లెలో ఆటో మాట్లాడుకున్నాను. ఫోన్లో చోటు చూపించాను. ఆటో అతను, "పట్టుబడికి వెళ్తన్నావా చెల్లెమ్మా? రొయ్యలు చవగ్గా ఇప్పించవా?" అని నవ్వాడు. చెరువు గట్టు దగ్గర దిగేసరికి ఒంటి గంట దాటింది.

దూరం నుంచే చూశాను. నాలుగు ఏరియేటర్లూ నీళ్ళ మీద చచ్చిన పక్షుల్లా తేలుతున్నాయి. వాటి మధ్య గుండెల దాకా నీళ్ళలో బాబాయ్ గారు, పిన్నిగారు. ఆయన చేతిలో స్టీలు బేసిను, ఆవిడ చేతిలో అన్నం వార్చే గిన్నె. నీళ్ళు తోడి పైకి ఎగరేస్తున్నారు. తోడి ఎగరేస్తున్నారు. గాలి కలుస్తుందని. అంత చెరువుకి రెండు గిన్నెలు. ఆవిడ పైట నడుముకి బిగించి ఉంది, జుట్టు ముఖానికి అతుక్కుని ఉంది, ఎగరేసిన ప్రతిసారీ నోట్లోంచి "ఊఁ" అని ఒక చప్పుడు వస్తోంది. గట్టు మీద ఆక్సిజన్ బిళ్ళల ఖాళీ డబ్బాలు పడి ఉన్నాయి.

మెయిన్ వేసి, పెట్టెకి కేబులు తగిలించాను. లాప్‌టాపు తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో, నేను రాసుకున్న తెలుగు వాక్యం వచ్చింది: "మూడుసార్లు పడింది. ఏం చెయ్యమంటావ్?" దాని పక్కన గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. పెట్టె అదే అడుగుతూ కూర్చుంది, మెయిన్ ఆపేదాకా, కీబోర్డు లేని గట్టు మీద, ఎవరికీ కనపడకుండా.

ఒక్క అక్షరం కొట్టాను. అర నిమిషానికి నాలుగు చక్రాలూ తిరిగాయి.

బాబాయ్ గారు నీళ్ళలోనే నిలబడిపోయి బేసిను కిందకి వదిలేశాడు. "తిరిగినయ్యే!" అని అరిచాడు. పిన్నిగారు తల తిప్పలేదు. అడుగున పెట్టిన జల్లెడ పళ్ళెం, రొయ్యలు ఎలా ఉన్నాయో చూసుకునేది, తాడు పట్టి పైకి లాగింది. అందులో పదో పన్నెండో ఉన్నాయి. రెండు కదిలాయి.

తర్వాత జరిగింది చకచకా జరిగింది. బతికినవి కూడా సాయంత్రానికి ఉండవని, ఉన్నవాటిని ఇప్పుడే పట్టెయ్యాలని బాబాయ్ గారు తేల్చేశాడు. పక్క చెరువుల వాళ్ళు వలలతో వచ్చారు. ఐసు బండికి కబురు వెళ్ళింది. వారం ఆగితే నిండు పట్టుబడి, ఇప్పుడు సగానికి పైగా అడుగు బురదలో. నేను రేకుల షెడ్డులో మేత బస్తాల మీద కూర్చున్నాను. సార్ అప్పుడు ఫోను చేశారు. మిగతా నాలుగు చోట్లకీ తనే ఫోను చేసి, ఎలక్ట్రీషియన్లని పంపించి చేతి స్విచ్చుకి నేరుగా వైరు వేయిస్తానన్నారు. అయితే చివర్లో, "నువ్విప్పుడు ఏం మాట్లాడకు అమ్మాయ్. ప్రస్తుతానికి కరెంటు హెచ్చుతగ్గులని చెప్పు. నేను రేపొచ్చి నిదానంగా చెప్తాను" అన్నారు. మాట్లాడొద్దంటే ఎప్పుడూ సంతోషించే దాన్ని.

స్క్రిప్టు తెరిచాను. తప్పంతా ఒక్క లైనులో ఉంది, అది కూడా నా డైరీలో ఉన్న మాటే. ఆ లైను తీసేసి, ఎన్నిసార్లు పడినా సరే బోర్డులో విడిగా దాచి ఉంచిన పాత కెర్నెల్ కాపీతో లేపి ఏరియేటర్లు నాలుగూ వెయ్యి, ఎవర్నీ అడక్కు అని రాశాను. రెండు నిమిషాలు పట్టింది. రేకుల మీద చినుకులు పడుతుండగా బయట నుంచి వాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"పెట్టె జోలికి పోవద్దని ఆ సార్ చెప్పాడా లేదా?" పిన్నిగారి గొంతు. "చెయ్యి ఊరుకోదు ఈ మనిషికి. ఇంట్లో టీవీ అయినా అంతే, మిక్సీ అయినా అంతే. టకటకా మూడుసార్లు కొట్టాలి. కొట్టావుగా? చల్లబడ్డావా?"

"కొట్టానే. కొట్టాను. ఇప్పుడేం చెయ్యమంటావు, చెయ్యి నరుక్కోనా?"

"నరుక్కో. ఒక చేత్తో కాపలా కాయొచ్చులే."

వల లాగుతున్న వాళ్ళలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. షెడ్డు సందులోంచి చూశాను. బాబాయ్ గారు తన కుడి చేతిని ఒకసారి తిప్పి చూసుకుని, పంచెకి తుడుచుకుని, వల తాడు మళ్ళీ పట్టుకున్నాడు.

లాప్‌టాపు మూసేశాను. ఇంక నా పని అయిపోయింది. ఆటో కోసం రోడ్డు మీదకి వెళ్ళొచ్చు. రేపు సార్ వస్తారు, సార్‌కి మాట్లాడటం వచ్చు, ఎవరికీ నొప్పి తెలియకుండా చెప్తారు. అలా అనుకుంటూ షెడ్డు గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో. ఆ సేపంతా ఆయన తన చేతినే తిట్టుకుంటూ ఉంటాడని, రేపటి దాకా, బహుశా ఇంకా చాలాకాలం, అలాగే ఉంటాడని తెలుస్తూనే ఉంది. ఆయనకి చెరువు ఎలాగూ పోయింది. ఈ నింద కూడా ఎందుకు మోయాలి?

గట్టు మీద బురదలో జారుతూ ఆయన దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్ గారూ, మీరు స్విచ్చు కొట్టడం తప్పు కాదండి."

ఏరియేటర్ల హోరులో ఆయనకి వినపడలేదు. "ఏంటమ్మా?"

మళ్ళీ చెప్పాను. మళ్ళీ వినపడలేదు. చెవి నా వైపు వంచాడు. అప్పుడు అరిచాను. నేను అరవడం నాకే కొత్త. "మూడుసార్లు కొడితే ఆగిపోయేలాగా రాసింది నేనండి! చేతి స్విచ్చుకి వైరు అక్కర్లేదన్నది నేను! తీగలు కలపొద్దన్నదీ నేనే! పొద్దున ఫోను మోగినప్పుడు నేను పక్కనే ఉన్నాను!"

వల లాగుతున్న వాళ్ళు ఆగారు. బాబాయ్ గారు నా వైపు తిరిగాడు. వాన నీళ్ళు ఆయన కనుబొమల మీద నుంచి జారుతున్నాయి.

"పక్కనే ఉన్నావా?"

"ఉన్నానండి."

"మరి ఎత్తలేదేం?"

"భయమేసిందండి."

"నేనంటేనా?"

"ఎవరన్నా అంతేనండి."

ఆయన మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఏదో చాలా అలసట వచ్చింది, కాసేపు నా మొహం ఎవరిదో గుర్తు తెలియనట్టు చూశాడు. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుంటూ అన్నాడు:

"నాకెందుకు చెప్తావు? నాకు చెప్తే ఏమొస్తది? అదిగో, ఆమెకి చెప్పు. పొద్దుట్నించి నన్ను కాల్చుకు తింటంది."

పిన్నిగారు గట్టుకి అవతల పక్క ప్లాస్టిక్ ట్రేల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. వలలోంచి వచ్చినవాటిని ఏరుతోంది. నా అరుపు ఆవిడకి వినపడిందో లేదో తెలియదు. తల ఎత్తలేదు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. తడి బట్టలు ఒంటికి అతుక్కుని చలేస్తోంది. "పిన్నిగారూ, మీకొకటి చెప్పాలి" అన్నాను.

"చెప్పేదుంటే చెప్పు" అంది, చేతులు ఆపకుండా. "ఊరికే మాత్రం నిలబడకు. కూర్చో. గట్టిగా ఉన్నవి ఇటు, మెత్తబడ్డవి అటు."

బురదలోనే కూర్చున్నాను. ట్రేలో చెయ్యి పెట్టి ఏరుతూ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. చాలాసేపు చెప్పాను. నా చేతికి ఎక్కువగా మెత్తబడ్డవే వచ్చాయి.